ఆన్‌లైన్‌లో పెట్టేస్తే లెక్క చెప్పినట్టేనా?

"అంతా ఆన్‌లైన్‌లో ఉందండీ, ఎవరైనా చూసుకోవచ్చు."

ఈ మధ్య నాకు బాగా ఒళ్లు మండించే వాక్యం ఇది. మండల ఆఫీసులో అంటే పోనీలే అనుకుంటాం. కానీ ఇదే మాట మనవాళ్లు, అంటే కోడు రాసుకుని పొట్టపోసుకునే నాబోటి వాళ్లు, ఇంకా గట్టిగా అంటారు. డేటా ఓపెన్ అయిపోతే చాలు, ప్రజాస్వామ్యం దానంతటదే నడుచుకుంటూ వచ్చేస్తుందని మనకో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక్కసారి కొండెక్కించి చూద్దామని ఈ టపా.

కొండ అంటే అరకు కొండే. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడదీసి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా చేశారు కదా, అందులోని అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి మండలాల వైపు. మనం శని ఆదివారాలు అద్దాల రైలు పెట్టె ఎక్కి బొర్రా చూసి, బొంగులో చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కుని వచ్చే చోటు. అక్కడ పంచాయతీలు ఉంటాయని, వాటికి ఆదాయాలు ఖర్చులు ఉంటాయని మనలో ఎంతమందికి తట్టింది? సరే, మన సంగతి వదిలేయండి. అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి ఎవరైనా చెప్పారా?

2020 ఏప్రిల్‌లో కేంద్రం ఈ-గ్రామ్‌స్వరాజ్ అని ఒక పోర్టల్ పెట్టింది. అంతకుముందు ప్రియాసాఫ్ట్ అని, ప్లాన్‌ప్లస్ అని నాలుగైదు ముక్కలుగా ఉండేవి, వాటిని కలిపి ఇది చేశారు. మంచి పనే, కాదనను. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం ఎంచుకుంటూ పోతే ఏ పద్దు కింద ఎంతొచ్చింది, ఏ వోచరు మీద ఎంత పోయింది కనపడుతుంది. ఎవరికి కనపడుతుంది? పద్దుల కోడ్‌లు తెలిసి, పెద్ద తెర ముందు కూర్చుని, నెట్‌వర్క్ ఉన్నవాడికి. అంటే బెంగుళూరులో ఉన్న మీకు, హైదరాబాదులో ఉన్న నాకు. సిగ్నల్ కోసం పిల్లలు గుట్టెక్కాల్సిన శివారు గూడెంలో, ఇంట్లో కువి భాషో ఆదివాసీ ఒడియానో మాట్లాడుకునే ఆవిడకి కాదు. డబ్బు మాత్రం ఆవిడది!

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ లెక్కలు నెట్‌లోకి ఎందుకు వచ్చాయనుకున్నారు? 15వ ఆర్థిక సంఘం పెట్టిన షరతు అది. తాత్కాలిక లెక్కలు, ఆడిట్ అయిన లెక్కలు రెండూ ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెడితేనే గ్రాంటుకి అర్హత అంది. అందుకని పెట్టారు. మన భాషలో చెప్పాలంటే కంప్లయన్స్ కోసం. ఆడిటర్ వస్తున్నాడంటే ముందు రాత్రి కూర్చుని డాక్యుమెంట్లు నింపి షేర్‌పాయింట్‌లో పడేస్తాం చూడండి, అచ్చం అదే రకం. ఆ డాక్యుమెంట్ యూజర్ చదువుతాడని మనమెప్పుడైనా అనుకున్నామా? :)

మైదానం ఊళ్లలో కూడా ఇంతేగా, అరకు గురించే ఎందుకు ఈ గోల అని అడగొచ్చు. అక్కడికే వస్తున్నా.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు ఐదో షెడ్యూలు ప్రాంతాలకి అది నేరుగా వర్తించలేదు. భూరియా కమిటీ నివేదిక తర్వాత, 1996 డిసెంబరులో పార్లమెంటు పెసా చట్టం చేసి, కొన్ని మార్పులతో పంచాయతీ వ్యవస్థని అక్కడికి తీసుకెళ్లింది. మన రాష్ట్రం 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని అందుకు తగ్గట్టు సవరించింది, నియమాలు మాత్రం 2011 దాకా రాలేదు (పదమూడేళ్లు! ఏ ప్రాజెక్టూ ఇంత స్లిప్ అవ్వలేదు). ఆ పెసాలో నాలుగో సెక్షన్ కింద ఒక చిన్న క్లాజు ఉంది. ఊరి పథకాలని, పనులని గ్రామసభ ముందే ఆమోదించాలి. ఆ తర్వాత, పంచాయతీ ఆ డబ్బు ఖర్చు పెట్టాక, సక్రమంగానే ఖర్చయిందని నిధుల వినియోగ ధ్రువపత్రాన్ని ఆ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి.

మళ్లీ చదవండి. ధ్రువపత్రం ఇచ్చేది ఇంజనీరు కాదు, ఎంపీడీవో కాదు. గ్రామసభ. అంటే ఆ గూడెంలో ఓటున్న ప్రతి మనిషీ. మన ప్రాజెక్టుల్లో యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్ అయ్యాక క్లయింటు సంతకం పెడితేనే బిల్లు కదులుతుంది కదా, ఇక్కడ చట్టప్రకారం ఆ క్లయింటు గూడెం జనం. ఆ క్లయింటుకి రిక్వైర్‌మెంట్ ఏమిటో చెప్పకుండా, స్క్రీన్ చూపించకుండా, వాళ్లకి రాని భాషలో రిపోర్టు రాసి, కింద వేలిముద్ర వేయించుకుంటే దాన్ని ఏమంటాం? మన దగ్గరైతే ఫ్రాడ్ అంటాం. అక్కడ "గ్రామసభ తీర్మానం" అంటున్నారు. మైదానంలో లెక్క చెప్పకపోతే అది పారదర్శకత లోపం. ఏజెన్సీలో లెక్క చెప్పకపోతే ఆ ధ్రువపత్రమే ఉత్తిదైపోతుంది. తేడా అదీ.

అసలు ఆ లెక్క అంత కష్టమా? చెప్పి చూస్తా, మీరే చూడండి.

పంచాయతీకి సొంత రాబడి కొంత ఉంటుంది. ఇంటిపన్ను, కుళాయి రుసుము, లైసెన్సు ఫీజులు, ఊళ్లో తూకానికో లెక్కకో అమ్మే సరుకు మీద కొలగారం లేదా కాటారుసుం, సంత ఉంటే ఆశీలు. తర్వాత ప్రభుత్వం వసూలు చేసి వాటా పంచేవి: ఆస్తి రిజిస్ట్రేషన్ల మీద స్టాంపు డ్యూటీ సర్‌చార్జీ, రాయి లాంటి చిన్న ఖనిజాల మీద సీనరేజి. మూడోది ఆర్థిక సంఘం గ్రాంటు. అంతే. మూడు కుండలు. మూడు కుండల లెక్క అర్థంకాని మనిషి ఏ ఊళ్లోనూ ఉండడు.

కొండ మీద ఈ మూడు కుండలూ ఎలా ఉంటాయో చూద్దాం. రిజిస్ట్రేషన్ల వాటా తీసుకోండి. విశాఖ చుట్టుపక్కల పంచాయతీలకి అది బంగారు గుడ్డు, రియల్ ఎస్టేట్ కదిలితే చాలు. అరకులో? 1/70 చట్టం ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఉండాల్సిన చట్టమే, ఆ చట్టం లేకపోతే ఈపాటికి అక్కడ గిరిజనుడి పేరు మీద సెంటు మిగిలేది కాదు. కానీ దాని వల్ల రిజిస్ట్రేషన్లు పెద్దగా ఉండవు, రిజిస్ట్రేషన్లు లేకపోతే సర్‌చార్జీ ఉండదు. అంటే రాజ్యాంగం ఇచ్చిన రక్షణకి పంచాయతీ తన రాబడితో మూల్యం కడుతోంది. ఆ నష్టం పూడ్చే పద్దు నాకు ఎక్కడా కనపడలేదు. ఈ ఒక్క విషయం గూడెంలో చెప్తే ఎన్ని ప్రశ్నలు పుడతాయో ఊహించండి. బహుశా అందుకే చెప్పరేమో.

ఇహ సొంత పన్నులు. మట్టిగోడ ఇంటికి ఇంటిపన్ను ఎంతని వేస్తారు? వేయదగ్గ చోటు లాడ్జీలు, రిసార్టులు, టెంట్లు వేసే క్యాంపులు. వాటిలో కొన్ని బినామీ పేర్ల మీద ఉంటాయన్న ఆరోపణ ఏళ్ల తరబడి వినపడుతూనే ఉంది. అసలు యజమాని ఎవరో కాగితం మీద తేలనప్పుడు పన్ను ఎవరికి వేస్తారు, ఎంత వేస్తారు, ఎంత వసూలైంది? ఏ రిసార్టు ఎంత కట్టిందో పంచాయతీ గోడ మీద రాస్తే సగం కథ అక్కడే బయటపడుతుంది. రాయరు.

బొర్రా గుహలు అనంతగిరి మండలంలో ఉన్నాయి. టికెట్లు అమ్మేది, నడిపేది పర్యాటకాభివృద్ధి సంస్థ. మనం కౌంటర్లో ఇచ్చే డబ్బు ముందు ఆ సంస్థ ఖాతాలోకి వెళ్తుంది. అందులోంచి బొర్రా పంచాయతీకి ఏటా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది ఆ ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా నోటికొచ్చి ఉండాల్సిన అంకె. ఇదేదో నా గొంతెమ్మ కోరిక కాదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది ఈ కొండల గురించే. ఇదే అనంతగిరి మండలంలో గిరిజనేతర కంపెనీలకి ఇచ్చిన గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. నికరలాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకి, బడికి, ఆసుపత్రికి, పారిశుధ్యానికి, రోడ్లకి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్న మాట అందులో ఉంది. అది గనుల గురించి అన్నమాట, గుహల గురించి కాదు, ఒప్పుకుంటా. కానీ న్యాయం ఒకటే కదా. కొండని చూపించి సంపాదించిన దాంట్లో కొండవాడి వాటా ఎంత అని అడగడానికి అంతకంటే పెద్ద ఆధారం ఏం కావాలి?

మూడో కుండ, ఆర్థిక సంఘం గ్రాంటు. కొండ మీద ప్రధానంగా బండి నడిచేది దీంతోనే. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్లకి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నిటికీ కలిపి 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. భయపెట్టే అంకె. దాన్ని ఐదుతో భాగిస్తే ఏడాదికి సుమారు 47,361 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామీణ జనాభా 83.3 కోట్లు. భాగించండి. తలకి ఏడాదికి సుమారు 570 రూపాయలు. మనం వారాంతంలో ఒక పూట బిర్యానీకి పెట్టేంత. ఇందులో మండల, జిల్లా పరిషత్తుల వాటా పోను గ్రామ పంచాయతీకి తక్కువలో తక్కువ 70 శాతం రావాలి. అంటే తలకి ఓ 400 అనుకోండి.

ఇప్పుడు లెక్క కోసం మూడు వేల జనాభా ఉన్న పంచాయతీ ఒకటి ఊహించుకుందాం. ఏడాదికి 12 లక్షలు. ఇందులో 60 శాతం కట్టేసిన డబ్బు: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. అంటే 7 లక్షల 20 వేలు వాటికే వాడాలి. మిగిలిన 4 లక్షల 80 వేలు ఊరు తన ఇష్టప్రకారం వాడుకోవచ్చు, జీతాలకి తప్ప. మైదానంలో మూడు వేల జనాభా అంటే ఒక ఊరు, మూడు వీధులు, ఒక ట్యాంకు. కొండ మీద మూడు వేలంటే పది పన్నెండు గూడేలు. మధ్యలో గెడ్డలు, గుట్టలు. ఒక్కో గూడేనికి వేరే ఊట, వేరే పైపు, వేరే ట్యాంకు కావాలి. ఆ 4 లక్షల 80 వేలని పన్నెండుతో భాగిస్తే గూడేనికి 40 వేలు. ఏడాదికి! దాంతో కల్వర్టు కూడా లేవదు. ఆర్థిక సంఘం రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు జనాభాకి 90 మార్కులు, విస్తీర్ణానికి 10 మార్కులు ఇచ్చింది. ఏటవాలుకి, దూరానికి, డోలీకి మార్కుల్లేవు.

ఈ లెక్క చెప్పడానికి నాకెంతసేపు పట్టింది? మీకెంతసేపు పట్టింది? ఇది కువిలో చెప్తే మాత్రం అర్థంకాకుండా పోతుందా?

ఇక్కడ మనందరం తలదించుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ పారిశుధ్యం డబ్బు తలల లెక్కన వస్తుందని చెప్పాను కదా. ఎవరి తలలు? 2011లో అక్కడ ఉన్నవాళ్లవి. శీతాకాలం శనివారం నాడు కార్లేసుకుని వెళ్లి గాలికొండ దగ్గర, చాపరాయి దగ్గర, కటికి దారిలో ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, మందు సీసాలు పారేసి వచ్చే మనం ఆ జనాభా లెక్కలో లేము. మన చెత్త మాత్రం ఆ లెక్కలో ఉంది. గిరిజనుడి తల మీద వచ్చిన ఆ కాస్త డబ్బులోంచే మన చెత్త ఎత్తాలి. మరుగుదొడ్డి కట్టాల్సిన డబ్బు, మురుగు తియ్యాల్సిన డబ్బు మన బిర్యానీ డబ్బాల వెనకాల పోతుందన్నమాట. పైగా తిరిగొచ్చాక "అరకు పాడైపోయింది గురూ, అసలు లోకల్ బాడీ ఏం చేస్తోంది" అని మనమే రివ్యూ రాస్తాం. లోకల్ బాడీ ఏం చేస్తోందో దాని లెక్క గోడ మీద ఉంటే, చదివాక సిగ్గుపడాల్సింది సర్పంచి కాదు.

గూడేల సంగతికి మళ్లీ వస్తా, ఎందుకంటే అసలు మెలిక అక్కడుంది. పెసా చట్టంలో గ్రామం అంటే పంచాయతీ కాదు. ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల గుంపు, ఒక గూడెం కూడా గ్రామమే. దానికో గ్రామసభ. పోర్టల్లో మాత్రం లెక్క పంచాయతీ దగ్గర ఆగిపోతుంది. చట్టం ఒక టేబుల్ రాస్తే సాఫ్ట్‌వేర్ ఇంకో టేబుల్ రాసింది, రెండిటికీ మధ్య కీ లేదు. మన పరిభాషలో స్కీమా తప్పు. ఫలితం ఏమిటంటే "పంచాయతీలో తాగునీటికి ఇంత ఖర్చయింది" అన్న వాక్యం నూటికి నూరుపాళ్లు నిజమై, పన్నెండు గూడేల్లో తొమ్మిది గూడేలవాళ్లు గెడ్డ నీళ్లే తాగుతూ ఉండొచ్చు. ఆఫీసు ఉన్న పెద్దూరికి రెండోసారి సిమెంటు రోడ్డు పడుతుంది, కొసన ఉన్న గూడేనికి పైపు రాదు. ఆడిట్‌లో తేడా రాదు. డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. గూడెం వారీగా రాస్తే తప్ప ఆ అన్యాయం అంకెల్లో కనపడదు. కనపడకూడదనే ఉద్దేశం ఉందని నేననను, కానీ కనపడకపోవడం వల్ల ఎవరికి సుఖమో మీకు తెలుసు.

సంతకాల సంగతి కూడా అంతే. ఇప్పుడు చెల్లింపులు డిజిటల్ కీలతో. కార్యదర్శి మేకరు, సర్పంచి చెకరు. బ్యాంకింగ్ ప్రాజెక్టులు చేసినవాళ్లకి వెంటనే వెలుగుతుంది, ఒకే మనిషి రెండు కీలూ నొక్కకూడదని. సర్పంచి కీ సర్పంచి దగ్గరే ఉందా, ఇంకొకరి సొరుగులో ఉందా? గ్రామసభలో మొదటి ప్రశ్నగా అడగాల్సింది ఇది. అడగాలంటే అలాంటి కీ ఒకటుందని ముందు తెలియాలి కదా.

"వాళ్లకి ఇవన్నీ అర్థం కావండీ." రెండో ఒళ్లుమంట వాక్యం.

వాళ్లకా! ఈ కొండల చరిత్ర ఒకసారి తిరగెయ్యండి. 1879లో రంప తిరుగుబాటు దేని మీద రేగింది? చిగురుపన్ను, అంటే కల్లు మీద పన్ను, దాన్ని వేలం పాడుకున్న వాళ్ల దోపిడీ. 1922లో అల్లూరి వెనక గూడెం జనం నడవడానికి అడవి ఆంక్షలతో పాటు ఇంకో కారణం, రోడ్డు పనులకి మనుషుల్ని తోలుకెళ్లి సరైన కూలి ఇవ్వని బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు. పన్నూ కూలీ, రెండూ డబ్బు లెక్కలే. తనకి రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అన్న తేడా తెలిసిన జనమే తిరగబడతారు. ఆ జనం మనవలకి పంచాయతీ పద్దు అర్థంకాదట! పొదుపు సంఘాల్లో పుస్తకాలు రాసే ఆడవాళ్లు ఎవరు? కాఫీ గింజకి జీసీసీ ఎంతిస్తోంది, షావుకారు ఎంతిస్తున్నాడు, ఎక్కడ అమ్మితే ఎంత మిగులుతుంది అని సంతలో నిలబడి నోటితో లెక్క కట్టేది ఎవరు? వాళ్లకి అర్థం కానిది లెక్క కాదు, మన భాష.

లెక్క బయట చదివితే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలియనిదేం కాదు. ఉపాధి హామీ మొదలైన 2006 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు పెట్టారు. 2009లో దానికో ప్రత్యేక సంస్థే ఏర్పడింది. మస్టరు రోలు ఊరి మధ్య పైకి చదివేవారు: ఫలానా అప్పారావు, పన్నెండు రోజులు, ఇంత డబ్బు. "అప్పారావు పోయి మూడేళ్లయిందయ్యా" అని వెనకనుంచి ఎవరో అనేవారు. అంతే, దొంగ దొరికినట్టే. దొరికిన డబ్బంతా వసూలైందని కాదు, అదింకో రామాయణం. కానీ అక్షరం రానివాళ్లు ఆడిటర్లుగా పనికొస్తారని అక్కడ తేలిపోయింది. అంతకు పదేళ్ల ముందు రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చేసిందీ అదే, బిల్లులు తెచ్చి జనం ముందు పైకి చదవడం. సమాచార హక్కు చట్టం ఊపిరి పోసుకున్నది అలాంటి సభల్లోనే, సర్వర్లలో కాదు.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టుకి అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుందని ఏ గూడెంలో ఎవరు చెప్పారు? ఆ తర్వాత 2021 చివర్లో ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కింద డిస్కంలకి సర్దేశారు. ఖాతాలు ఖాళీ అయ్యాయని సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి ఉంటే కట్టాల్సిందే అని ప్రభుత్వం అంది. ఎవరిది రైటు అన్న చర్చ పక్కన పెట్టండి. సర్పంచులు రోడ్డెక్కారు గానీ వాళ్ల వెనక జనం ఎందుకు లేరు? తమ పేరు మీద డబ్బు వచ్చిందనే తెలియని జనం, అది పోయిందని ఎలా ఏడుస్తారు? సర్పంచులు కూడా ఆలోచించుకోవాల్సిన ముక్క ఇది. ఊరికి లెక్క చెప్పని సర్పంచికి, కష్టమొచ్చిన రోజున ఊరు తోడు రాదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. రికార్డు అన్నారు, సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఉపాధి హామీ పనుల ఆమోదం ఆ రోజు ప్రధాన ఎజెండా. సభ జరగడమే మేలు, నేను కాదనను. కానీ రాబోయే పనులకి చేతులెత్తించడం తేలిక. గత ఏడాది డబ్బు ఎక్కడికి పోయిందో చదివి, ప్రశ్నలకి జవాబు చెప్పి, ధ్రువపత్రం అడగడం కష్టం. పెసా అడిగేది ఆ కష్టమైనదే. దానికి రికార్డు సర్టిఫికెట్లు రావు మరి.

ఇంకో జాడ్యం దత్తత. 2015లో అప్పటి, ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అరకు పక్కనే ఉన్న పెదలబుడు పంచాయతీని దత్తత తీసుకున్నారు. ఆయనే కాదు, మన కంపెనీలు కూడా సీఎస్‌ఆర్ కింద ఊళ్లని దత్తత తీసుకుని ఫొటోలు దిగుతుంటాయి. పంచాయతీ అంటే రాజ్యాంగం గుర్తించిన ప్రభుత్వమండీ, చిన్నదైనా సరే. ప్రభుత్వాన్ని దత్తత తీసుకోవడం ఏమిటి? దత్తత వల్ల పని జరగొచ్చు, కానీ ఆ డబ్బు ఏ పద్దులోంచి వచ్చిందో, అది దయో హక్కో ఊరికి తేడా తెలియకుండా పోతుంది. ఆర్థిక సంఘం గ్రాంటు దయ కాదు. "వాళ్లు పన్నే కట్టరు కదా, అడిగే హక్కేమిటి" అనేవాళ్లకి కూడా ఇదే జవాబు. ఆ గ్రాంటు రాజ్యాంగం ప్రకారం వచ్చేది. పైగా సబ్బుబిళ్ల కొన్న ప్రతివాడూ పన్ను కడుతూనే ఉన్నాడు, ఫారం పదహారు లేదంతే.

ఇంత చెప్పాక మనలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "అయితే మనమే ఒక యాప్ చేద్దాం!" దయచేసి వద్దు. ఉన్న యాప్‌లు చాలు. చేయాలనుంటే చేయదగ్గ పని చాలా చిన్నది, బొత్తిగా గ్లామర్ లేనిది. పోర్టల్లోంచి ఒక పంచాయతీ ఒక ఏడాది వోచర్లు దింపండి. ఏ వోచరు ఏ గూడేనికి చెందిందో పంచాయతీ కార్యదర్శిని, వార్డు సభ్యుల్ని అడిగి పక్కన రాయండి. కార్యదర్శి చెప్పకపోతే సమాచార హక్కు ఉంది. నిరుడు మిగిలింది, ఈ ఏడు వచ్చింది, పోయింది, ఇప్పుడు ఉన్నది, ఇవి నాలుగే అంకెలు. పోయింది మాత్రం గూడెం వారీగా. ఒక్క కాగితం. దాన్ని చదవాల్సింది మీరూ నేనూ కాదు. ఆ కొండల్లోంచే డిగ్రీలు చేసి వచ్చిన పిల్లలు ఇవాళ ఉన్నారు, కొందరు మన పక్క సీట్లలోనే పని చేస్తున్నారు. పెసా గ్రామసభకి ఎన్నుకున్న ఉపాధ్యక్షుడు, కార్యదర్శి ఉంటారు. చదవడం వాళ్ల పని. మనది ఎక్సెల్ పని, అంతవరకే.

ఎప్పుడు చదవాలి? సంత రోజున. అన్ని గూడేలవాళ్లూ దిగివచ్చే రోజు అదొక్కటే. ఆఫీసు వేళల్లో, పంచాయతీ భవనంలో, పదకొండు గంటలకి సభ పెట్టి "కోరం లేదు, జనానికి ఆసక్తి లేదు" అని రాసుకోవడం కాదు.

ఏ భాషలో? దీనికి ప్రభుత్వమే ఎప్పుడో దారి వేసింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లల కోసం బహుభాషా విద్య మొదలుపెట్టి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. ఆ వాచకాలు రాసినవాళ్లు ఉన్నారు, అవి చదువుకుని ఎదిగినవాళ్లు ఇప్పుడు ఓటర్లు. ఒకటో తరగతి పాఠం కువిలో అచ్చువేయగలిగిన ప్రభుత్వానికి నాలుగు అంకెల పంచాయతీ లెక్క కువిలో రాసి గోడ మీద పెట్టడం చేతకాదంటే నేను నమ్మను. గూడెం గోడకి సున్నం వేసి, దాని మీద పెయింటరు చేత రాయించే ఖర్చు కూడా ఆ 40 వేలలోంచే తీస్తామంటే తియ్యండి, ఒప్పుకుంటారు. ముందు అడగండి వాళ్లని.